చల్లటి బానెట్

మాకు మంచు రాలదు.
టీవీల దూది లెక్క రాలేది వేరే సరుకు.
మా నల్లగొండ మంచు
కాలువ మీదికెళ్లి లేస్తది,
వరి కొయ్యకాళ్ల మీద కాసేపు కూసుంటది,
ఆనక రోడ్డు నడుమకొచ్చి నిలబడతది.
పుష్యమాసంల పూసలు గుచ్చేంత పొద్దుండదంటరు,
ఆ పొద్దు కూడ ఇంకా పుట్టలే.

నాలుగున్నరకు ఫోను, గుర్రంపోడు అవతలికెళ్లి సైదమ్మ:
"డాక్టరమ్మా, బర్రె రాత్రి సంది నొప్పులు తీస్తంది.
ముందరి కాళ్లు కనవడ్డయి, తల కనవడతలేదు."
తాళ్లు, చేతొడుగులు, లోషన్ డబ్బా
వెనక సీట్లెకు విసిరేసి బయలెల్లిన.

నా పాత జీపు వస్తుంటే
రెండు ఊర్ల ముందే కుక్కలకు ఎరుకయ్యేది.
ఇదేమో సగం పెట్రోలు, సగం కరెంటు.
మెల్లగ పోతే ఇంజను తనంతట తానే పండుకుంటది.
మా అత్తమ్మ మొదటిసారి ఎక్కినప్పుడు
"ఆగిపాయెనా బిడ్డా, దిగి నూకాల్నా?" అన్నది.

కనగల్లు దాటంగనే రోడ్డు మాయమైంది.
పెద్ద లైటేస్తే తెల్లగోడ,
చిన్న లైటేస్తే అదే గోడ, ఇంకింత దగ్గర.
తెర మీద మాత్రం బొమ్మ నిమ్మలంగ ఉన్నది:
బ్యాటరీ నుంచి చక్రానికి పచ్చబాణం.
బయట ఊరు లేదు, తోవ లేదు,
లోపల బాణమున్నది.

అద్దం దించిన. ఇగం ముఖాన కొట్టింది.
ఇరవై ఏండ్లు తిరిగిన ఈ తోవల,
తోవ చప్పుడు ఇయ్యాల విన్న:
టైరు కింద తడి కంకర,
తుమ్మ కొమ్మల నుంచి ఒక్కొక్క చుక్క,
దూరంగ ఎవరిదో బోరు మోటరు.
ఆ నడుమ ఒక దగ్గు.

మనిషి దగ్గు కాదది, గొర్రె దగ్గు.
చీకట్ల ఆ రెండిటి తేడా చెప్పుడే
నాకు సర్కారిచ్చే జీతం.
బ్రేకు తొక్కిన.

లైటు ముందట వెన్నులు, వెన్నులు, వెన్నులు,
ఉన్ని మీద మంచు గింజలు.
గొంగడి కప్పుకున్న మనిషి
బానెట్‌కు తాకి ఆగిండు.
"ఎవలు? బండేనా ఇది?
దొంగ లెక్క వస్తే ఎట్లమ్మా, సప్పుడన్న జెయ్యాలె గద!"
హారన్ కొట్టాల్నని నాకు తోచనే లేదు.
తప్పు నాదే అన్న.
దగ్గే దానికి ఏం మందెయ్యాల్నో కూడ చెప్పిన.

పేరు బీరయ్య. కోపం దిగినంక,
లారీలకూ బస్సులకూ అలవాటైన రెండు చేతులు
కాక కోసం బానెట్ మీద పెట్టిండు,
పెట్టి, తీసిండు.
"సచ్చినదాని లెక్క సల్లగున్నది.
మరి దేనితోని నడుస్తంది?"
ఏం చెప్పాలె?
"ఆగినప్పుడల్ల ఇంత దాసుకుంటది, దానితోని."
"మా అవ్వ గంతే," అన్నడు, "కొంగుకు ముడేసేది."

సెల్లు లైటు వీపుకు తిప్పి కట్టుకోని
ముందట నడిచిండు.
గొర్రెల నడక నా స్పీడు.
మీటరు సున్నా చూపెడతది, ఒకసారి నాలుగు, మళ్ల సున్నా.
తెర మీద బ్యాటరీ గీతలు
ఒక్కొక్కటి ఆరిపోతున్నయి.
కడుపుల దూడ తల యాడ తిరిగి ఉన్నదో,
నాకు చేతులాగుతలేవు.

మోరీ కాడ మందను దింపి
వెనక్కొచ్చిండు, పోయిరమ్మనెటందుకు.
సరిగ్గ అప్పుడు గుర్రుమని
ఇంజను లేచింది, ఎవలూ లేపకుండనే.
గొర్రెలు బెదిరినయి. బీరయ్య బెదరలే.
"ఇగో, పానమొచ్చింది," అనుకుంట
కాసేపటికి చేతులు మళ్ల బానెట్ మీద పెట్టిండు.

అక్కడ బర్రె ఉన్నది. ఇక్కడ ఈ చేతులున్నయి.
గేరెయ్యలే.
ఎన్ని నిమిషాలో చెప్పను,
సైదమ్మకు అసలే చెప్పను.

తల ఎడమకు తిరిగి ఉండె. మోచేతి దాక పెట్టి తిప్పిన.
పడ్డ. కాళ్లు సన్నం, గొంతు పెద్దది.

అంగడి నాడు దేవరకొండల
గొర్రెగంట కొని
ముందు బంపర్‌కు కట్టించిన.
షోరూము పిలగాడు చూసి
కంపెనీది కాదు మేడం, వారంటీ పోతదన్నడు.
పోనియ్యి అన్న.