ఇరవై మూడో సిస్టం

తలుపు బయట అరవై జతల చెప్పులు,
లోపల నలభై కంప్యూటర్లు.
ఈ లెక్క ఏ సెమిస్టర్‌లోనూ కుదరలేదు.

మలక్‌పేటలో టైర్ల దుకాణం మీద మూడో అంతస్తు.
ల్యాబ్ తాళంచెవి పదకొండేళ్ళుగా నా జేబులోనే.
సార్ అంటారు గానీ సార్‌ను కాను,
మౌస్ కదలకపోతే పిలిచే మనిషిని.

తనిఖీ రోజు మాత్రం
ప్రిన్సిపాల్ గది కుర్చీలు మెట్లెక్కి వస్తాయి.
ఏసీ గొంతు సవరించుకుంటుంది.
చచ్చిన ఆరు మానిటర్లకు కొత్త తొడుగులు తొడుగుతాం.
సాయంత్రానికి కుర్చీలు దిగిపోతాయి,
రిమోట్ బీరువాలోకి పోతుంది.

ఇరవై మూడో సిస్టంకు సెమీకోలన్ మీట లేదు.
ఊడినచోట చిన్న రబ్బరు బొడిపె,
పాలపన్ను రాలిన చిగురులా.
కొత్త కీబోర్డుకు ఇండెంట్ పెట్టి
రెండు బతుకమ్మలు దాటినయి.
వరుస చివర ఆ చుక్క, ఆ తోక లేకుంటే
తెర ఎర్రగా చూస్తుంది, అడుగు వెయ్యనియ్యదు.

యాకుత్‌పురా నుంచి బస్సు మారి
తయ్యబా వచ్చేసరికి మిగిలే కుర్చీ అదే.
ఇంట్లో కంప్యూటర్ లేదు.
పాత కరెంటు బిల్లుల వెనక ప్రోగ్రాం రాసుకొచ్చేది,
బస్సులోనే వేలితో నడిపి చూసుకునేదట,
ఎక్కడ తిరగాలో ఎక్కడ ఆగాలో.

"మీట లేకుండ ఎట్ల కొడుతున్నవమ్మా?"
"ఒకటి దాచిపెట్టుకున్న సార్."

పక్క సిస్టం నుంచి తెచ్చిన ఒకే ఒక్క సెమీకోలన్.
ఖాళీ ఫైల్లో పెట్టుకుని
వరుస వరుసకూ దాన్నే నకలు తీసి అతికిస్తోంది,
పక్కింటి నుంచి చెంచాడు తోడు తెచ్చి
రోజూ గిన్నెడు పెరుగు పేరబెట్టుకున్నట్టు.

ప్రాక్టికల్ పరీక్షనాడు కరెంటు పోయింది.
యూపీఎస్‌లు కీచురాళ్ళలా అరిచి అరిచి ఆగిపోయాయి.
యాభై తొమ్మిది జతల చేతులు కీబోర్డుల మీంచి, పక్కవాళ్ళ భుజాల మీంచి లేచాయి.
బయటి నుంచొచ్చిన ఎగ్జామినర్ కిటికీ తెరిచాడు.
ఆ వెలుతుర్లో తయ్యబా
ఒక కరెంటు బిల్లు తిప్పి రాయడం మొదలుపెట్టింది.
కరెంటు బిల్లే! నవ్వొచ్చింది నాకు,
ఆ తర్వాత రాలేదు.

మే నెలలో అన్నీ తుడిచి కొత్తగా ఎక్కించడం నా పని.
కీబోర్డు కూడా వచ్చింది ఆఖరికి,
మీట నొక్కితే టకీమంది.
ఇరవై మూడులో ఆ ఫైలు అట్లాగే ఉంది.
పేరు: అమానత్.
లోపల ఒక్క అక్షరం. అక్షరం కూడా కాదు.

పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాను.
ఎందుకని అడగకండి.

జూలైలో కొత్త బ్యాచ్.
చెప్పులు అరవై నాలుగు జతలు.