నాలుగు వేళ్ళ మడత

లింగరాజపురం వంతెన దిగి ఎడమకు తిరిగితే
మఠం గోడకు ఆనుకుని నా కొట్టు.
బయట పలక మీద కన్నడంలో టైలర్,
లోపల తెలుగులో రాసుకున్న
కొలతల పుస్తకాలు పదకొండు.

కూర్చోండి, చూపిస్తాను.
ఇదిగో, అట్ట ఊడిపోయిందే, ఇది. తొంభై రెండు, జూన్.
మెడ పన్నెండున్నర. భుజం పద్నాలుగు. నిలువు యాభై రెండు.
ఇన్నాసమ్మ, ఫిరంగిపురం పక్క పల్లె.
రోజ్‌లిన్, మంగళూరు.
ఆరోగ్యమేరీ, దిండిగల్లు.
ఒక్క వారంలో ముప్పై ఎనిమిది పేర్లు.
ఆ నెల నా మిషను కన్ను మూయలేదు.
తెల్ల టెర్రికాట్ తాను విప్పితే
కొట్టంతా పాలు పొంగినట్టుండేది.

నెల్లూరి మనిషి మా మదర్ యూలాలియా,
ప్రతి ఏడూ గడప దగ్గర అదే మాట:
"పదిహేడేళ్ళ పిల్లలయ్యా శౌరీ, ఇంకా పొడుగవుతారు.
కింద నాలుగు వేళ్ళ మడత ఎక్కువ ఉంచు."
ఉంచేవాణ్ణి.
మళ్ళీ ఏడు మడత విప్పి పొడుగు చేసేవాణ్ణి.
దానికి కూలి తీసుకోలేదు ఎప్పుడూ.

పుస్తకాలు పోనుపోను పలచబడ్డాయి.
ఒక ఏడు తేదీ వేసి, పెన్ను మూత తీసి కూర్చున్నాను.
ఎవరూ రాలేదు.
ఈ పేజీలో గుండ్రటి మరక, టీ గ్లాసుది.
ఆ ఏటి లెక్క అంతే.

మఠం నుంచి బట్టలు ఇప్పుడూ వస్తాయి,
కురచ చెయ్యమని.
నేను పొడుగు చేసిన అంగీలే, నా కుట్టే.
వెన్ను వంగి, మోకాలు వంగి
మనుషులు గుడ్డ లోపలే తగ్గిపోతున్నారు.
మంగళూరు రోజ్‌లిన్ నిలువు ఇవాళ నలభై ఏడు.

నవశిష్యులు పడుకునే తూర్పు వసారా
ఉద్యోగాల అమ్మాయిల హాస్టలైంది.
రాత్రి రెండింటికి క్యాబులు.
నాలుగున్నరకు గంట కొట్టే ముసలి సిస్టరు
వాళ్ళ నిద్ర చెడుతుందని గంట నాలుకకు గుడ్డ చుట్టింది.
నా కొట్టు పీలికే అది, అడిగి పట్టుకెళ్ళింది.

ఆదివారం గుళ్ళో దేవపిలుపుల కోసం ప్రార్థన చదువుతారు.
మనుషుల్ని పంపు ప్రభువా అంటూ
ప్రతి ఒక్కరం పక్క బెంచీ వైపు చూస్తాం.

ఒక మాట.
పాపసంకీర్తనంలో కూడా చెప్పలేదు ఇది.
మా జెసింత పదో తరగతిలో ఉండగా
మదర్ ఈ స్టూలు మీదే కూర్చుని,
"మీ పిల్ల మోకరిల్లే తీరు చూశాను శౌరీ,
ఒకసారి అడిగి చూడనా?" అంది.
దానికి ఉబ్బసం మదర్, అన్నాను.
దానికి ఉబ్బసం లేదు.
తల వంచుకుని గబగబా మిషను తొక్కాను,
సూదిలో దారం లేకుండానే.
మదర్ సూదిని చూసింది. నన్ను చూసింది.
లేచి గొడుగు తీసుకుని వెళ్ళిపోయింది.

జెసింత మెట్రోలో టికెట్లిస్తుంది. పెళ్ళయింది, బాగానే ఉంది.
తనని ఒకరు అడగబోయారని తనకి తెలియదు.
అవుననేదో, నవ్వేసేదో.
పిలుపులు తగ్గాయంటారు ఫాదర్‌గారు.
నాబోటి వాళ్ళ గడపల్లో ఆగిపోయినవి
ఆయన లెక్కలో ఉన్నాయో లేవో.

ఈ జూన్‌లో ఒక్కర్తి వచ్చింది.
సస్మితా దిగల్, ఒడిశా, కంధమాల్ కొండలు.
దానికి తెలుగు రాదు, నా హిందీ కుంటిది.
మెడ పన్నెండు. భుజం పదమూడున్నర. నిలువు యాభై.
చేతులు చాచి నిలబడింది,
టేపు చల్లగా తగిలి కిసుక్కుమంది.
కింద మడత ఎంతో ఎవరూ చెప్పలేదు. చెప్పక్కర్లేదు.

వెళ్ళబోతూ నడుం పక్కన వేలితో చూపించి
"ఇక్కడ జేబు?" అన్నట్టు అడిగింది.
ముప్పై నాలుగేళ్ళలో జేబు అడిగిన పిల్ల లేదు.
కూడదంటారో, ఒకటి చాలంటారో.
చెప్పాల్సిన మదర్
సమాధుల తోటలో రెండో వరుస.

రెండు పెట్టాను.
లోతుగా.