లొటలొట

నా పేరు తాయారు.
డెస్ పాస్కో చెవిలో మొదటిరోజే అది "టైర్" అయింది.
దిద్దలేదు నేను. చేరింది బళ్ల షెడ్డులోనే కదా.

బ్రోకెన్ హిల్.
ఊరిని రెండుగా చీల్చే నల్లటి గని తవ్వుగుట్ట.
చలికాలం నాలుగింటికల్లా దాని నీడ మా గుమ్మం దాటి
పానాల పెట్టె మీద కూర్చుంటుంది.
ముప్పై ఏళ్లు ఆ గుట్ట కింద డ్రిల్లు పట్టిన మనిషి డెస్.
చెవులు అక్కడే వదిలి పైకొచ్చాడు,
చేతులు మాత్రం తెచ్చుకున్నాడు.

కాబట్టి రోడ్డు మీద పరీక్ష నాది.
ఎడమ సీట్లో ఆయన, అరచెయ్యి డాష్‌బోర్డు మీద పరిచి,
పాలు కాగాయో లేదో చూసేవాళ్లలాగా.
కప్పురేకులు తెచ్చి నేలమీద పరిచినట్టుండే మట్టిదారి.
"ఏం శబ్దం?" అని అరుస్తాడు.
నాకొచ్చిన ఇంగ్లీషులో శబ్దానికి ఒక్కటే పేరు.
ఆయనకి దాని ఇంటిపేరు కూడా కావాలి.

ఒకరోజు విసిగి తెలుగులోనే చెప్పేశాను:
లొటలొట.
ఖాళీ డబ్బాలో చింతగింజ ఆడినట్టు,
మలుపులో కాదు, తిన్నగా పోతుంటే, చిన్న గుంటకి, ముందు ఎడమ.
షెడ్డుకొచ్చి జాకీ ఎత్తి
చక్రాన్ని పైనా కిందా పట్టి ఊపాడు.
కింది బాల్ జాయింటు.
గిన్నెలో గుండు ఉంది, గుండులో గుండ్రన లేదు.
"లోటాలోటా" అన్నాడు డెస్,
నొప్పి పుట్టే పన్ను ఏదో నాలుకకి దొరికినవాడిలా.

ఇక అడక్కుండానే చెప్పడం మొదలెట్టాను.
కిర్రు అంటే ఎండిన బుష్షు,
నీళ్లు చల్లితే కాసేపు నోరుమూసుకుంటుంది, అదే గుర్తు.
టకటక స్వేబార్ లింకు, చవకది,
చవకది కనకే ఊరంతా వినాలి దాని గోల.
బానెట్ నొక్కి వదిలితే ఒక్కసారి లేచి ఆగాలి;
ఆగక ఊగుతూనే ఉంటే షాకబ్జార్బరు,
దాని మాట ధబ్బు.
బ్రేకు తొక్కగానే ఒకే ఒక్కసారి కటుక్కు.
అది ఆయన నోటికి రాలేదు. "కటూకు" దగ్గర రాజీపడ్డాం.

జాబ్‌కార్డుల మీద ఆయన వంకర రాతలో మా మాటలు.
పాదరీగారి బిల్లు: లోటాలోటా, కుడి, నూట తొంభై డాలర్లు.
ఆయన ఏమీ అడక్కుండా కట్టారు.
ఏదో కంపెనీ పేరనుకుని ఉంటారు.

ఆగస్టులో నోలీన్ వచ్చింది, టపా బండితో.
టిబూబుర్రా వైపు వారానికి రెండు ట్రిప్పులు.
"చప్పుడే లేదు, ఆయిలు మార్చు చాలు" అంది.
నడిపి చూశాను. నిజమే, పట్టు మీద చెయ్యి జారినట్టు పోతోంది.
టైరు లోపలి అంచు ఒక్కటే బోడి.
డెస్ నా వైపు చూశాడు. తల అడ్డంగా ఊపాను.
చక్రం ఊపాడు. ఏమీ లేదు.
అప్పుడు గడ్డపార దూర్చి, కళ్లు మూసుకుని, మెల్లగా ఎత్తి
"ఇక్కడ" అని నా వేళ్లు లాక్కున్నాడు.

కదిలింది.
గోరు మందం.
చెవిదాకా వచ్చే రకం కాదు.

ఎర్రదుమ్ము.
చిరిగిన రబ్బరులోంచి దూరి, గ్రీజుతో కలిసి, దిమ్మిసా వేసినట్టు గట్టిపడి,
అరిగిన చోటంతా తానే నిండి
ఇంతకాలం బండిని మోసింది.
గట్టి వాన ఒకటి పడి ఉంటే...
నోలీన్ ఆ ముక్కని గుడ్డలో పట్టుకుని
"ఎన్నాళ్లుగా ఇట్లా?" అంది.
డెస్‌కి వినపడలేదు. నాకు తెలీదు.

కార్డు మీద పెన్ను ఆపి అడిగాడు:
దీనికేమంటారు మీరు?
వెతుక్కున్నాను కాసేపు, చేతుల జిడ్డు తుడుచుకుంటూ.
కిక్కురుమనలేదు, అన్నాను.
మళ్లీ చెప్పమన్నాడు. అక్షరం అక్షరం చెప్పాను.
గడి చిన్నది.
"కిక్కురు" వరకే పట్టింది.