చెప్పు

మా తాత ఓదెలు
ఊరందరి కాళ్ళ కొలతలు కండ్లతోనే పట్టెటోడు.
పటేలు ఎడమ మడిమె అరిగిన తీరు,
గడి దొరసాని చిటికెనవేలి మీది కాయ,
కరణం అరికాలి పగులు,
అన్నీ ఎరుక.
తన కాలికే కొలత లేదు.

తంగేడు చెక్క నానిన లందల
మోచేతుల దాకా ముంచి ముంచి
గోర్లు ఇటుకరంగుకు తిరిగినయి.
ఆయన కుట్టిన తోలుబొక్కెన దిగే బావిల
ఆయన కడవ దిగరాదు.
పోచమ్మ పండుగ రాత్రి కుంభం ఎత్తుకొని
పొలిమేర పొంటి పొలి చల్లేది ఆయనే.
ఆ రాత్రి ఆయన లేకుంటె ఊరు నడువది,
తెల్లారి ఆయన నీడ పడితె ఊరు సైసది.
దొరకు కిర్రుచెప్పులు కుట్టి
చేతుల పట్టుకొని, ఉత్తకాళ్ళతోని పోయి,
గడప బయట పెట్టి
వెనుకకు వెనుకకు నడిచి రావాలె.
ఇదంతా దేవుడు రాసిండన్నరు.
రాసింది చదివినోళ్ళూ వాళ్ళే.

ఒక ఎండాకాలం హన్మకొండ బస్సు దిగి
బైబిలమ్మ వచ్చింది, సువర్తమ్మ.
తెగిన వారు కుట్టించుకోను కూసున్నది.
ఊకె కూసోక కథ మొదలువెట్టింది:
ఆస్తంతా ఆగం చేసి
పందుల కాడ పొట్టుకు ఆశపడ్డ కొడుకు,
దూరంగనే చూసి ఉరికొచ్చిన తండ్రి.
తాత ఆరె ఆపలేదు.
ఇసొంటి కథలు బాగోతంల శాన విన్నడు.
"మంచి బట్ట కట్టుండ్రి, వేలికి ఉంగరం పెట్టుండ్రి,
కాళ్ళకు చెప్పులు తొడుగుండ్రి అన్నడట తండ్రి."

ఆరె ఆగింది.
"మల్ల చెప్పు."
చెప్పింది.
"తొడుగుండ్రని ఎవలతోని అన్నడు?"
"ఇంట్ల జీతగాండ్లతోని."
"అంటె ఎవలో ఒకలు వంగి
వాని కాళ్ళు ముట్టిండ్రు గదా."
సువర్తమ్మ దగ్గర దానికి జవాబు లేదు.
మూడు గంటల బస్సు కూడా పోయింది.

ఆ రాత్రి బుడ్డిదీపం ముంగట
తోలు మీద తన పాదం పెట్టి
బొగ్గుతోని చుట్టూ గీసుకున్నడు.
నలభై ఏండ్ల కాలు
మొదటిసారి ఒక ఆకారమైంది.

చలివాగుల మునిగి లేచిన నాడు
యోసేపని పేరు మార్చుకొమ్మంటె
"పిలిచినాయనకు ఓదెలనే ఎరుక" అన్నడు.
తడి బట్టలతోనే, కిర్రు కిర్రుమంటూ
గడి ముంగట్నించి నడిచిండు.
ఎంత దూరం నడిచిండో
అవ్వ ఎన్నడూ సరిగ చెప్పలేదు.
ఇరవై అడుగులని ఒకసారి,
గడి గోడ మొత్తం దాటిండని ఒకసారి.
చింతబరిగెలు ఎన్ని విరిగినయో మాత్రం
లెక్క తప్పకుంట చెప్పేది.
చెప్పులను బావిల పారేసిండ్రు.
మా కడవ దిగని బావిల
మా చెప్పులు దిగినయి.
కూలి బంద్, దుకాణం బంద్, పలకరింపు బంద్.
తాత ఇంకో జత కుట్టిండు.

ఇప్పుడు మా చర్చికి నున్నటి బండలు, రెండు మైకులు.
గేటు మీద పెద్ద పెద్ద అక్షరాలు:
చెప్పులు బయట విడువవలెను.
కమిటోళ్ళు తాతను వాకిట్లనే ఆపిండ్రు.
ఆయనతో పాటు దెబ్బలు తిన్నోళ్ళ కొడుకులే,
ముందు వరుస కుర్చీల మీద
పేర్లు రాయించుకున్నోళ్ళు.
కొత్త పాస్టరు మెల్లగ అన్నడు:
"పెద్దాయనా, మోషే అంతటోన్నే ఇడువుమన్నడు గదా."

తాత కట్టె మీద ఒరిగి
శానసేపు ఆలోచన చేసిండు.
"అన్నడు బిడ్డా.
మోషే రాజు ఇంట్ల పెరిగినోడు,
చిన్నప్పటిసంది చెప్పులున్నోడు.
ఉన్నోన్ని ఇడువుమన్నడు.
లేనోనికి తొడుగుమన్నడు.
నేను ఏ లెక్కల వస్తనో
నువ్వే చెప్పు."

లోపలికి పోయిండు.
బండల మీద కిర్రు కిర్రు,
మైకు దాని ముంగట చిన్నబోయింది.

రొట్టె తీసుకునే కాడ
ఎవలూ అనకముందే
తనంతట తానే ఇడిచిండు.
మల్ల తొడుక్కోబోతె నడుము పట్టేసింది.
వంగరాక, కట్టె పట్టుకొని, అటిటు చూసిండు.
నేను లేచేలోపలనే
గిన్నె బల్ల మీద పెట్టి
పాస్టరు మోకాళ్ళ మీద కూసున్నడు.
ఏ వారు ఎటు దూర్చాలెనో తెల్వక
ఆ పిలగాని చేతులు తడబడుతున్నయి.

"అది కుడిది, బిడ్డా" అన్నడు తాత,
ఎడమకాలు ముందుకు పెట్టి.