కంతకు తగ్గ బొంత

మూడో మజిలీ నాది.
బెండిగో పోస్టాఫీసులో సంతకం పెట్టి తీసుకున్నాను,
రాత్రి డ్యూటీ దిగిన కళ్ళతోనే.
కవర్లో మూరెడు గుడ్డ,
దానికి గుచ్చిన చీటీ మీద డోరీ పాస్కో చేతిరాత:
"చుట్టూ ఎవరి వరస వాళ్ళు వేయండి.
నడుమ కంతని మాత్రం పూడ్చకండి."

చూస్తే కంత లేదు.
దాని చోట లేసుపువ్వొకటి
పెళ్ళిపీట మీద పిల్లలా కుదురుగా కూర్చుంది.

మొదటి వరస మెరెడిత్‌ది.
యూకలిప్టస్ ఆకుల్ని ఉన్నిగుడ్డలో చుట్టి
రాగికుండలో పూటంతా ఉడకబెట్టింది.
ఆకులు పోయి వాటి నీడలు మిగిలాయి,
తుప్పుకీ కుంకుమపువ్వుకీ నడుమ రంగులో.

రెండోది కాసిల్‌మెయిన్‌లో ఉండే విల్మా కోట్స్‌ది.
తాగేసిన టీ సంచుల్ని విప్పి, ఆరబెట్టి, మైనం పూసి
ఒక్కొక్కటీ సన్నటి టాకాలతో అతికింది.
అంత చేసిన చెయ్యి అక్కడ ఆగలేకపోయింది.
చిల్లు కనబడితే ఊరుకోలేని చేతులు కొన్నుంటాయి.
నావీ అవే.
ఆపరేషన్ థియేటర్లో పదకొండేళ్ళుగా
మూయడానికే సూదులు అందిస్తున్నాను.

కత్తెర తీశాను. పెట్టేశాను.
అంగుళానికి పద్నాలుగు కుట్లు, లెక్కపెట్టాను.
ఇంత ఓపికని విప్పడానికి నేనెవరిని?
విప్పకపోతే డోరీకి ఏం చెప్పను?

ఫోన్ చేశాను.
సూది కోసం సోదికెళ్ళినట్టే అయింది.

ఇస్త్రీ చేస్తుంటే ఫోన్ మోగిందట.
రాంగ్ నంబర్. నాలుగేళ్ళుంటాయేమో, ఎవరో పిల్లాడు,
నిద్ర లేచేసరికి ఇంట్లో ఎవరూ లేరట,
"అమ్మ ఉందా?" అన్నాడట.
పెట్టేయడానికి చెయ్యి రాలేదు.
తన కోళ్ళ పేర్లు చెప్పింది.
అవి అయిపోతే మళ్ళీ మొదట్నించీ చెప్పింది.
ఎప్పటికో తలుపు చప్పుడు, ఒక ఆడగొంతు,
ఫోన్ కట్.
వెనక్కి తిరిగితే పొగ.

"వాడి పేరు అడగడం మర్చిపోయాను" అంది.
పువ్వు సంగతి నేను చెప్పలేదు.

ఆ రాత్రి ఏమీ తోచక
టేబుల్ లైటు కింద గుడ్డని తిరగేశాను.
వెనకవైపు కంత ఎక్కడికీ పోలేదు.
ఇస్త్రీపెట్టె ఆకారంలో, చిన్న పడవలా,
అంచులు మాడి గోధుమరంగు తేలి.
లేసు సందుల్లోంచి వెలుతురు
చిల్లుపైసల్లా నా అరచేతిలో పడింది.
విల్మా కప్పు వేసింది గానీ బావి పూడ్చలేదు.

మా వైపు బొంతకి ముందూ వెనకా ఉండవు.
చలేసినప్పుడు ఏది పైకొస్తే అదే ముందు.

నా వరసని వెనకవైపే కుట్టాను.
థియేటర్లో సామాన్లకి చుట్టి పారేసే నీలిగుడ్డ పీలికలు,
వేడిగాలి తగిలితే ముడుచుకుని నాచులా అవుతాయి.
పడవ కింద నీళ్ళు కావాలిగా మరి.
టాకాలు వంకర పోయాయి. పోనిచ్చాను.
చీటీ కింద ఒక మాట చేర్చాను:
తిరగేసి చూడండి.

నాలుగో మనిషి హూయెన్ రెండువైపులా కుట్టింది.
ఐదో ఆవిడ ఎటు ముందో చెప్పమని మూడుసార్లు అడిగింది.
ఎవరమూ చెప్పలేదు.

ఆగస్టులో హాల్లో పెట్టారు.
గోడకి కొట్టే వీలు లేక దూలానికి వేలాడదీశారు.
హీటరు గాలికి అది మెల్లగా తిరుగుతోంది.
పువ్వు. పడవ. పువ్వు.
విల్మా చేతులు కట్టుకుని చూస్తోంది.
పడవ వచ్చినప్పుడు
ఆమె ముఖం వైపు చూసే ధైర్యం నాకు లేకపోయింది.

డోరీ చేతికర్ర మీద వాలి నిలబడింది.
కంత ఎదురొచ్చిన ప్రతిసారీ పెదవులు కదులుతున్నాయి.
ప్రార్థన అనుకున్నాను.
దగ్గరికెళ్తే వినబడింది.

కోళ్ళ పేర్లు.