కుడివైపు నాలుగు వేళ్లు

జాంబాగ్ గల్లీల మా పటాల కొట్టు
రెండు చేతులు చాస్తే గోడలు తగుల్తయి.
ముప్పై ఏండ్లుగా కోస్తున్న
అద్దం, అట్ట, టేకు పట్టీ,
మూలకు నలభై అయిదు డిగ్రీలు.

మొన్న నల్లగండ్ల నుంచి ఒక మేడం
చుట్ట చుట్టిన బొమ్మ తెచ్చింది.
వలందుల దేశపు పాత చిత్రానికి అచ్చు.
వంటింట్ల పనిపిల్ల
చెంపకు చెయ్యి ఆనించి కండ్లు మూసింది.
కాళ్ల కాడ నేల మీద గిన్నెలు.
వెనక పిల్లి
చేప మీద పంజా వేసింది.
కుడి అంచున ఇంటామె నిలబడి
మన దిక్కు చూసి నవ్వుకుంట
అరచెయ్యి చాచి చూపిస్తున్నది,
చూసిన్రా మా ఇంటి సంగతి, అన్నట్టు.

"డైనింగ్ హాల్లో పెడతాను.
మా సుగుణ చూసి కాస్త బుద్ధి తెచ్చుకుంటుంది."
తనే నవ్వింది మేడం.
నేను గూడ నవ్విన.
అడ్వాన్సు అయిదు వందలు.

పగటీలి అమ్మ అన్నం తెచ్చింది.
అమ్మ అంటే మణెమ్మ,
బర్కత్‌పురల నాలుగిండ్లు, నలభై ఏండ్లు.
మోచేతి కింద ఒక రంగు, మోచేతి మీద ఒక రంగు.
బొమ్మ చుట్టుకపోకుండ నాలుగు మూలల
సుత్తె, కత్తెర, టేపు, చాయ్ గ్లాసు పెట్టి
చూడమన్న.

అమ్మ గిన్నెలు లెక్కపెట్టింది.
"పదకొండు. ఈ పెద్దది అడుగంటింది.
ఇంటిమందివి కావురా ఇవి, చుట్టాలు దిగిన్రు."
వేలు మెల్లగ పైకి జరిగింది,
నేను చూడనే లేదు, అక్కడ ఇంకో అర్ర,
దీపం, బల్ల చుట్టు తలకాయలు.
"ఇగో, ఇంకా తింటనే ఉన్నరు.
వాళ్లు లేస్తే ఇంకో ఎనిమిది పడ్తయి.
పిల్ల నిద్రపోతలేదు.
నడుమ సందు దొరికింది, కూసున్నది."
జర సేపాగి,
"పేరేందట?"
కింద మూలకు సంతకం ఉన్నది,
గీసినాయనది.

వెనకట వలందుల ఓడలు బందరు రేవుకొచ్చి
మన అద్దకం బట్టలు, నీలిమందు ఎక్కించుకపోయేవట.
కోఠి కాలేజీ సారొకాయన చెప్పిండు.
కరువు పడ్డ ఏడు
మనుషులను గూడ.
ఈ పిల్ల పావడా ముదురు నీలం.
ఎవరి చేతులు ముంచితే వచ్చిందో,
ఆ చేతులకు మళ్ల తెలుపు వచ్చిందో లేదో.

పాత ఫోటోలు గూడ వస్తయి నా దగ్గరికి.
షేర్వాణీలు, కుర్చీలు, ముందు వరుసల పిల్లలు.
అంచుకు చూస్తే
చంటిదాన్ని ఎత్తుకున్న ఒక మోచెయ్యి,
మనిషి ఉండదు.
షాలిబండ దేవిడీల మా అమ్మమ్మ ఆయా.
ఏదో ఒక అంచుకు ఆమె గూడ ఉండే ఉంటది.
చుట్టూ రెండు వేళ్ల మౌంటు వేస్తే
ఫోటో నిండుగ కనిపిస్తది,
గిరాకి అదే అడుగుతడు.
ఎన్ని మోచేతుల మీద అట్ట పెట్టిన్నో
లెక్క రాసుకోలే.

శనివారం డెలివరీ.
మూడు పక్కల రెండు వేళ్లు,
కుడి పక్క నాలుగు వేళ్లు వదిలి కోసిన మౌంటు.
అరచెయ్యి పోయింది. నవ్వుల సగం పోయింది.
పోలేదు, అట్ట కిందనే ఉన్నది,
మేకులు పీకితే దొరుకుతది.
మేడం అడిగితే ఫ్రేం సైజు అంతే అంట.
ఇంకా అడిగితే
అడ్వాన్సు వాపస్ ఇస్త, ఏం జేస్త.

అమ్మ టిఫిన్ డబ్బా కడుగుతనని లేచింది.
గుంజుకోబోయిన, ఇడవలేదు.
నల్లా కాడికెల్లి అడిగింది:
"పిల్లినేం జేసినవ్?"
"ఉన్నది."
"ఉండనీ.
దాని తిండి అది సూసుకుంటున్నది."