ఏడో బావి ట్రాలీ

గూడూరులో ఏడున్నర బస్సెక్కితే
నిమ్మకాయ బస్తాల మధ్య నాకో సీటు.
సైదాపురం దాటినాక
రోడ్డు పక్క మట్టి మెరవడం మొదలుపెడుతుంది,
కాకిబంగారం.
కండక్టరు అడగడు. "ఏడో బావేగా" అని చిల్లర చేతిలో పెడతాడు.
ఈ నెలలో ఇది నాలుగోసారి.

గేటు దగ్గర టిక్కెట్లిచ్చే పిల్ల ఫర్జానా
పసుపు టోపీ అందిస్తా నవ్వుతుంది.
"మళ్ళీ వచ్చినావా తాతా,
లోపల ఏమన్నా పారేసుకున్నావా?"
మనిషికి యాభై. అరవై దాటితే ముప్పై.
ఆ రోజుల్లో దిగినందుకు నాకే ఇచ్చేవాళ్ళు,
రోజుకు నాలుగున్నర.
లెక్క చూస్తే ఇంకా వాళ్ళే నాకు బాకీ.

ట్రాలీకి ఆకుపచ్చ రంగేసినారు.
కూచునేదానికి బల్లలు, బల్లల మీద మెత్తలు.
రంగు కింద మా ఇనుమే.
ఎడమ అంచున సొట్ట నా వేలికి తెలుసు,
వెంగయ్య గడ్డపార జారి పడిన సొట్ట.
ఆ పొద్దు వాడు మేస్త్రీని తిట్టిన తిట్లు
ఫర్జానాకు చెప్పేవి కావు.

కదులుతుంది.
వెలుతురు మొదట మెడ దాకా,
తరవాత నెత్తిన రూపాయి బిళ్ళంత,
తరవాత లేదు.
చక్రాలది కటకట కాదు, అట్లా రాస్తే అబద్ధం.
తుప్పు గొళ్ళేన్ని లాగి లాగి
ఎవరో విసుక్కున్నట్టు ఉంటుంది.
గోడల తడి మొహానికి తగిలి
నా వయసు ఒక పక్కకు జరుగుతుంది.

పని మీద నాకు బెంగ లేదు, ముందే చెప్పేస్తున్నా.
వెంగయ్య ముప్ఫై ఎనిమిదికే
దగ్గి దగ్గి పోయినాడు.
బెంగంతా ఈ బండి మీద.
దిగే ఆ ఎనిమిది నిమిషాలు
మాకు పని చెప్పేవాడు లేడు.
మోకాళ్ళు మోకాళ్ళకు తగలతా
కార్బైడు దీపాల వెల్లుల్లి వాసనలో
ఊరికే కూచున్నాం.
జీవితంలో నేను ఊరికే కూచున్నది అంతే.

పైన రేకుల షెడ్డులో అమ్మ
కత్తితో అబ్రకం పొరలు చీలుస్తా ఉండేది.
రాత్రి ఆమె రెప్పల మీదా మెరుపే,
సంగట్లోనూ మెరుపే.
"వెండి తింటుండాం రా, రాజులం" అనేవాడు నాయన,
పంటి కింద కరకరమంటే.

ఒక గంట కొడితే ఆపు.
రెండు కొడితే దించు.
మూడు కొడితే
సరుకు కాదు, మనుషులు, మెల్లగా.
మూడు వింటే పైన దస్తగిరి
నోట్లో బీడీ ఉమ్మేసేవాడంట.
నేను చూడలేదు, కిందున్నా కదా.
వాడి చెయ్యి మాత్రం తాడులో తెలిసేది.
ఇప్పుడు బటను.
ఫర్జానా తమ్ముడు ఫోను చూసుకుంటా నొక్కుతాడు.

రెండో అంతస్తు దగ్గర ఆగుతుంది.
"ఇంతవరకే సార్, అవతల నీళ్ళు."
అందరూ ఫొటోలు.
పట్టాలు మాత్రం ఆగవు,
నీళ్ళలోకి అట్నే దిగిపోతాయి.
మేం తవ్వింది అయిదోది.
నా ఇరవయ్యో ఏడు, ఇరవై ఒకటి, ఇరవై రెండు
అక్కడే ఉండాయి, తడిసి.

నా వెనక మద్రాసు నుంచొచ్చిన పిల్లోడు
"ఈడ దెయ్యాలుంటాయా?" అంటాడు వాళ్ళమ్మతో.
లేవు నాయనా. ఎలకలుండేవి.
సంగటి ముద్దలో వాటా అడిగేవి.

పైకి లాగేటప్పుడు
జేబులో బిళ్ళ తీసి సొట్ట మీద కొట్టినా.
ఒకటి. రెండు. మూడు.
"ఏంది తాతా అది?"
"పైవాళ్ళకు చెబుతుండా, మనుషులమని."
వాడు కాసేపు ఆలోచించి
నీళ్ళ సీసాతో తనూ మూడు కొట్టినాడు,
నాకంటే గట్టిగా.

బండి కొంచెం నెమ్మదించినట్టే ఉంది.
ఆ వంపు దగ్గర
ఎప్పుడూ నెమ్మదిస్తుంది లే.